డిసెంబర్ సెలవుల్లో కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం, అంటే కైట్, లాగుతుంటే బోర్డు మీద నీటిపై జారడం), విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన బోర్డు మీద సాగడం) కోసం గోవా వెళ్లొచ్చా?

గోవా కాదు, తమిళనాడులోని రామేశ్వరమో శ్రీలంకలోని కల్పిటియానో ఎంచుకోండి. డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా అక్కడి గాలిని చాలావరకు నమ్ముకోవచ్చు.

కారణం ఈశాన్య రుతుపవనం. చలికాలంలో బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి భారత్, శ్రీలంకల మధ్య ఇరుకు సముద్రంలో దూరేటప్పుడు వేగం పుంజుకుంటుంది. గోవాకి పడమటి కనుమలు అడ్డు. అక్కడ దొరికేది మధ్యాహ్నపు సముద్రపు గాలి, అదీ తరచూ 10 నాట్ల (గంటకు సుమారు 18 కిలోమీటర్ల) దగ్గరే ఆగిపోతుంది. బీచ్‌లో కూర్చోవడానికి బ్రహ్మాండం, కైట్‌కి చాలదు.

ఉదాహరణకు 75 కిలోల మనిషి 12 చదరపు మీటర్ల కైట్‌తో హాయిగా ఆడాలంటే సుమారు 15–20 నాట్లు, అంటే గంటకు 28–37 కిలోమీటర్ల గాలి కావాలి. 10 నాట్లలో కైట్ నీళ్లలో పడిందంటే మళ్లీ లేపడం గగనం. విండ్‌సర్ఫింగ్‌లోనూ అంతే: 7 చదరపు మీటర్ల తెరచాప కట్టినా బోర్డు నీటిపైకి లేచి జారదు, నీళ్లను తోసుకుంటూ నెమ్మదిగా పోతుంది.

గాలి ఉంటే ఏ ఒడ్డయినా ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. చలికాలపు ఉత్తర గాలి రామేశ్వరం ఉత్తర తీరంలో మనిషిని ఒడ్డుకి తోస్తుంది. దక్షిణ తీరంలో అదే గాలి నడిసముద్రంలోకి లాక్కుపోతుంది. అక్టోబర్, నవంబర్‌లలో కూడా గాలి ఉంటుంది కానీ వానలు, తుపాన్ల బెడద ఎక్కువ.