9.5 లీటర్ల ట్యాంకుతో ఒడిశా కొండలు: ట్యాంకు పెంచాలా, డబ్బా కట్టాలా?

రాజాం నుంచి ఒక తమ్ముడు అడిగింది ఇదీ: తన దగ్గర హస్క్‌వర్నా స్వార్ట్‌పిలెన్ 250 ఉంది, ట్యాంకు 9.5 లీటర్లే. సాలూరు మీదుగా కోరాపుట్, జయపురం వెళ్లి, అక్కణ్ణించి మాచ్‌ఖండ్, గుప్తేశ్వరం వైపు తిరగాలని ఉంది. ఆ బండికి పెద్ద ట్యాంకు బజార్లో లేదు. ఉన్నదాన్నే కోయించి పెద్దది చేయించనా, లేక వెనక ఇంకో చిన్న ట్యాంకు పెట్టించి పైపు కలపనా?

తమ్ముడూ, రెండూ వద్దు. మంచి ఇనప డబ్బాలో నాలుగైదు లీటర్లు పక్కన కట్టుకుని వెళ్లు, బండి ఆగినప్పుడు పోసుకో. ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. నాది హీరో ఇంపల్స్. 2011లో వచ్చి కొన్నేళ్లకే ఆగిపోయిన బండి, దానికి కంపెనీ పార్టులే వెతుక్కోవాలి, బయటవాళ్లు చేసే సరుకు సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి నేను రెండో ట్యాంకు పెట్టి తిరిగాను, తర్వాత తీసేశాను. అందుకే రెండు వైపులా తెలుసు.

ముందు లెక్క చూడు. నీ బండి లీటరుకి 30 ఇస్తుందనుకుందాం. 9.5 లీటర్లకి 285 కిలోమీటర్లు. అడుగున పంపుకి అందని కాస్తా, గుండె దడదడలాడే చివరి లీటరూ తీసేస్తే 240 దగ్గర ఆగుతావు. విజయనగరం నుంచి 26వ నంబరు హైవే మీద వెళ్తే గజపతినగరం, రామభద్రపురం, సాలూరు, ఘాటెక్కాక సిమిలిగుడ, కోరాపుట్, జయపురం, అన్నిచోట్లా బంకులున్నాయి. ఆ రోడ్డుకి నీ ట్యాంకు బోలెడు. ఇబ్బంది అసలు హైవే దిగాకే. సాలూరు పైన కొటియా ఊళ్లవైపు తిరిగినా, జయపురం దాటి మాచ్‌ఖండ్ దారి పట్టినా, ఇటు సీతంపేట కొండల్లోంచి కొత్తూరు, భామిని మీదుగా గుణుపురం వైపు పోయినా, బంకు ఎక్కడుందో చూసుకునే పోవాలి. ఉన్న బంకులోనూ ఒక్కోసారి 'స్టాకు లేదు' బోర్డు ఉంటుంది, కరెంటు ఉండదు. కొండ ఊళ్లలో కొట్టు ముందు నీళ్ల సీసాల్లో లూజు పెట్రోలు అమ్ముతారు. పాత కార్బురేటర్ బండికి ఏదోలా సరిపెట్టుకోవచ్చు. నీది ఇంజెక్షన్ బండి, అంటే పంపు ఒత్తిడితో పెట్రోలుని ఇంజనులోకి చిమ్మే రకం, ఆ సీసా అడుగున మట్టో నీళ్లో ఉంటే నీ పంపు జాలీకి, ఇంజెక్టరుకి చేటు. కాబట్టి నీకు కావలసింది పెద్ద ట్యాంకు కాదు, ఇంకో వందో నూటయాభయ్యో కిలోమీటర్ల భరోసా. అది నాలుగైదు లీటర్లతో వచ్చేస్తుంది.

ఇప్పుడు ట్యాంకు కోయించడం సంగతి. సాలూరులో లారీ బాడీలు కట్టే చోట, లారీలకి ఎంత పెద్ద డీజిలు ట్యాంకు కావాలంటే అంతదీ చేసే మేస్త్రీలున్నారు. నేను కూడా నా ఇంపల్స్ ట్యాంకు పట్టుకుని ఒకాయన దగ్గరికి పోయాను. ఆయన మూత తీసి వాసన చూసి, మళ్లీ మూసి నా చేతికిచ్చేశాడు. "డీజిలు ట్యాంకయితే ఎంతదయినా చేస్తాను బాబూ. పెట్రోలు తాగిన ట్యాంకుని నేను ముట్టుకోను. దీన్లో పెట్రోలు లేదంటావు, ఆవిరుంటాది గదా" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. డీజిలు వేడెక్కితేగాని అంటుకునేంత ఆవిరి ఇవ్వదు. పెట్రోలు సున్నాకి 40 డిగ్రీల కింద కూడా ఇస్తుంది. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్ల నుంచి ఏడున్నర పాళ్ల దాకా ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అంటే నిండు ట్యాంకు కన్నా 'ఖాళీ' ట్యాంకే ప్రమాదం. మడతల్లో, అతుకుల్లో పెట్రోలు నక్కి ఉంటుంది, టార్చి వేడికి మళ్లీ ఆవిరవుతుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆవిరి పట్టించి, లోపల నీళ్లు నింపి కాస్త జాగా మాత్రమే వదిలి అతికేవాళ్లున్నారు. అది తెలిసినవాళ్లు చేసే పని. "అదేటి, ఎండలో పెట్టి ఆరబెట్టేశాం కదా" అనేవాడి చేతికి మాత్రం ఇవ్వకు.

ఒకవేళ ఎవరైనా చేసినా నీ బండికి ఇంకో తలనొప్పి ఉంది. నీ పెట్రోలు పంపు ట్యాంకు లోపలే, అడుగున బిగించి ఉంటుంది. అది కూర్చునే చోట వెల్డింగు వేడికి రేకు కాస్త వంగినా వాషరు పట్టదు, కారుతుంది. కారేది ఇంజను మీద. లోపల రాలిన వెల్డింగు పూసలూ తుప్పూ పంపు జాలీలోకి పోతాయి. గేజీ కూడా ట్యాంకు ఆకారాన్ని బట్టి లెక్క చూపిస్తుంది కాబట్టి ఆకారం మారితే అది చెప్పేదంతా అబద్ధమే. ఫైబరుతో చేయిస్తానంటావేమో. ఇప్పుడు బంకుల్లో వచ్చేది నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పాలిస్టర్ రెజిన్‌తో చేసిన ఫైబరుని ఇథనాల్ మెత్తబరుస్తుంది, కరిగిన జిగురు ఇంజనులోకి పోతుంది. వేరే మోడల్ ట్యాంకు పెట్టడమా? నీ బండి కేటీఎం డ్యూక్ కుటుంబంలోదే, కానీ ట్యాంకు మీద తొడుగులూ సీటూ వేరు. ఒక్క ట్యాంకు కొంటే సరిపోదు, చుట్టూ సగం బండి కొనాలి.

రెండో ట్యాంకు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అది నేను వాడి చూసిందే. ఇంపల్స్ కార్బురేటర్ బండి. పెట్రోలు పైనుంచి కిందికి దానంతటదే దిగుతుంది, మధ్యలో కాక్, అంటే పెట్రోలు కుళాయి, ఉంటుంది. అదే మేస్త్రీ, పెట్రోలు ఎన్నడూ ముట్టని కొత్త రేకుతో చిన్న ట్యాంకు చేసిచ్చాడు, కొత్త రేకయితే ఆయనకి అభ్యంతరం లేదు. దాన్ని వెనక క్యారియర్ మీద బిగించి, దానికి వేరే కాక్ పెట్టి, టీ జాయింటుతో కార్బురేటర్ పైపుకి కలిపాం. చిన్న ట్యాంకు మూతకి గాలి రంధ్రం తప్పనిసరి, లేకపోతే కాసేపు దిగి ఆగిపోతుంది. రెండు కాక్‌లూ ఒకేసారి తెరవకూడదు. తెరిస్తే రెండు ట్యాంకుల్లోనూ పెట్రోలు ఒకే మట్టానికి రావాలని చూస్తుంది, కింద ఉన్న ట్యాంకు నిండిపోయి మూతలోంచి పొంగుతుంది. ఎండలో వేడెక్కిన సైలెన్సరు పక్కన అది చూడాల్సిన దృశ్యం కాదు.

చాలామందికి తట్టని విషయం ఇంకోటి. ఘాటు ఎక్కేటప్పుడు బండి వెనక భాగం కిందికి వాలుతుంది. కార్బురేటరుకి 60 సెంటీమీటర్లు వెనక ఉన్న ట్యాంకు, నూటికి పది వాలున్న రోడ్డు మీద 6 సెంటీమీటర్లు కిందికి దిగినట్టే లెక్క. సమతలం మీద బాగా పనిచేసేది, సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కుతుంటే, చిన్న ట్యాంకు సగం అయ్యేసరికి బండి జెర్కులు ఇవ్వడం మొదలెడుతుంది. మేం అది ముందే లెక్కేసుకుని కింద నాలుగంగుళాల స్టాండు వేయించాం, ఇబ్బంది రాలేదు. కానీ అంత ఎత్తున బరువు పెట్టాక వంపుల్లో బండి తిప్పడం మునుపటిలా ఉండదు.

తీసేయడానికి కారణం మాత్రం అవేవీ కాదు. మా ఆవిడ వెనక కూర్చుంటే ఆమె వీపుకి ఆనుకుని నాలుగు లీటర్ల పెట్రోలు. వెనకనుంచి ఎవడైనా గుద్దితే ఏమిటని ఆమె ఒక్కసారి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నీ బండికయితే ఈ పద్ధతే కుదరదు. ఇంజెక్షన్ బండిలో పంపు నుంచి ఇంజెక్టరు దాకా పైపులో మూడు బార్ల పైచిలుకు ఒత్తిడి ఉంటుంది, దానికి టీ జాయింటు పెట్టడమంటే పిచ్చి పని. రెండో ట్యాంకులోని పెట్రోలు ఎలాగైనా పెద్ద ట్యాంకులోకే రావాలి. విదేశాల్లో దూరాలు నడిపేవాళ్లు పెద్ద ట్యాంకు గాలి గొట్టానికి చిన్న ట్యాంకు పైపు కలుపుతారు. పెద్ద ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ లోపల పుట్టే పీల్పుకి పైనుంచి పెట్రోలు దిగుతుంది. వినడానికి బాగుంది. కానీ బీఎస్ 6 కాలుష్య నియమాల ప్రకారం వచ్చిన మన బళ్లలో ఆ గాలి దారి బొగ్గు డబ్బా గుండా పోతుంది, ఆవిరి బయటికి పోకుండా పట్టుకునేది అదే. దాన్లోకి ఆవిరి బదులు పెట్రోలే పోతే బొగ్గు తడిసి పాడవుతుంది, ఆ పెట్రోలు ఇంజనులోకి పోయి బండి మొరాయిస్తుంది. దాన్ని తప్పించి కొత్త దారి వేస్తే కంపెనీ వారంటీ పోతుంది, ఇన్సూరెన్సు వాళ్లకీ సాకు దొరుకుతుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. చెక్‌పోస్టు దగ్గర ఇదంతా వాదించుకోవడం నాకయితే ఇష్టం లేదు.

డబ్బాకి ఈ గొడవలేవీ లేవు. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా మొత్తం 30 లీటర్లు దాటకుండా పెట్రోలు దగ్గరుంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ అది గట్టిగా మూత బిగిసే పాత్రలో ఉండాలి, లోహపుదయితే 25 లీటర్లు మించకూడదు, గాజుదయితే ఒక్క లీటరే. ప్లాస్టిక్ మాట అందులో లేదు. కాబట్టి నీళ్ల సీసా, నూనె డబ్బా వద్దు, అయిదు లీటర్ల స్టీలు జెర్రీ క్యాను కొను. చట్టం ఒప్పుకున్నా బంకువాళ్లు డబ్బాలో పోయడానికి ఒప్పుకోరు, వాళ్ల పైవాళ్లు అలా చెప్పి ఉంటారు. తెలిసిన బంకులో, పక్కన బండి చూపించి అడిగితే లోహపు క్యాన్‌లో పోస్తారు. నాకయితే మా ఊరి బంకులో పని జరుగుతుంది, ఒడిశా వైపు జరగకపోవచ్చు, అందుకని ఇక్కడే నింపుకుని బయల్దేరు.

నింపేటప్పుడు క్యాను నేలమీద పెట్టాలి, బండి మీద ఉంచి కాదు. నాజిల్ క్యాను అంచుకి ఆనించి ఉంచాలి, స్టాటిక్ కరెంటు నిప్పురవ్వగా దూకకుండా. మెడదాకా నింపకు. పెట్రోలు ఒక్క డిగ్రీ వేడికి సుమారు వెయ్యిలో ఒక వంతు పెరుగుతుంది. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు నింపిన అయిదు లీటర్లు మధ్యాహ్నం ఎండకి 20 డిగ్రీలు వేడెక్కితే 100 మి.లీ. పెరుగుతాయి. దానికి జాగా లేకపోతే మూత దగ్గర చెమ్మ కనబడుతుంది. కొత్త క్యాను మూత వాషరుని నీళ్లతో కాదు, కాస్త పెట్రోలు పోసి పెరట్లో తలకిందులుగా పెట్టి పరీక్షించు. నీళ్లు ఆగే చోట పెట్రోలు ఆగదు.

అయిదు లీటర్ల పెట్రోలు 3.7 కిలోలు, క్యానుతో కలిపి అయిదు కిలోల చిల్లర. నీ బండి సైలెన్సరు కుడివైపు కాబట్టి ఎడమవైపు, ఎంత కిందికి వీలయితే అంత కిందికి, చక్రానికి తగలకుండా పెట్టు. ఏ వెల్డింగు షాపులోనైనా ఇనప పట్టీలతో గూడు చేసిస్తారు. దాన్ని ఉన్న బోల్టులకే బిగించమను, ఛాసిస్‌కి వెల్డింగు పెట్టనివ్వకు. గూట్లో పాత లారీ ట్యూబు ముక్క పరిస్తే ఇనుము ఇనుముని అరగదీయదు. రబ్బరు తాళ్లతో కాదు, బిగించే పట్టీ బెల్టులతో కట్టు. నంబరు ప్లేటూ ఇండికేటరూ కనబడాలి. పోసేటప్పుడు ఇంజను ఆపి పది నిమిషాలు చల్లారనిచ్చి, సన్న జాలీ ఉన్న గరాటుతో పోసుకో. పక్కన బీడీ వెలిగించే పెద్దమనిషిని మర్యాదగా దూరం పంపు.

మైలేజీ గురించి రెండు ముక్కలు. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ, కాబట్టి పాత రివ్యూల్లో చూసిన అంకెలు నమ్మకు. అదే బంకులో, బండి నిటారుగా నిలిపి రెండుసార్లు ఫుల్ కొట్టించి నీ లెక్క నువ్వు తీసుకో. ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్‌లో దొర్లించేవాళ్లు చాలామంది ఉన్నారు. నీ బండికి అది దండగ. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్షన్ పెట్రోలు పోయడమే ఆపేస్తుంది, న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగుకి తాగుతూనే ఉంటుంది, బ్రేకులూ కాలతాయి. ఇంకోటి, ట్యాంకు ఎండిపోయేదాకా నడపకు. లోపలి పంపు పెట్రోలులో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. రిజర్వు లైటు వెలిగాక ఇంకెంత దూరం వస్తుందో అని పందెం కట్టే బదులు, వెలగ్గానే ఆపి క్యాను ఒంపేయి.

ఇంటికొచ్చాక మిగిలిన పెట్రోలు ట్యాంకులో పోసెయ్. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, మన సముద్రపు గాలికి నెలల తరబడి క్యాన్‌లో ఉంచితే అడుగున తుప్పు మొదలవుతుంది. నీ బండి ఎడమవైపు, వెనక ఫుట్‌రెస్టు బ్రాకెట్ దగ్గర ఫొటో పెడితే గూడు ఏ బోల్టులకి బిగించొచ్చో చూసి చెప్తాను.