మైక్రోసాఫ్ట్ మీద ఇన్ని జోకులు ఎందుకు పుట్టాయి?

మైక్రోసాఫ్ట్ మీద ఇన్ని జోకులు ఎందుకు, వాళ్ల సాఫ్ట్‌వేర్ నిజంగానే అంత అధ్వానమా, లేక పెద్ద కంపెనీ అనే ఏడుపా అని అడిగారు. నేను తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను, మైక్రోసాఫ్ట్‌లో కాదు, వేరే కంపెనీలో. నాకు అర్థమైనంతలో ఏడుపు పాత్ర చాలా తక్కువ. బగ్గులు, అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు, లేని సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరా లేదు, ఉత్త బగ్గు మీద ఎవరూ జోకు వేయరు కూడా. ప్రకటనలో దేని గురించి గొప్పగా చెప్పారో సరిగ్గా అదే చెడిపోయినప్పుడు జోకు పుడుతుంది.

1998 ఏప్రిల్‌లో షికాగోలో విండోస్ 98ని జనం ముందు చూపించారు. స్కానర్ తగిలిస్తే చాలు, కంప్యూటర్ దానంతట అదే గుర్తుపడుతుందని చూపించబోయారు, తగిలించగానే పెద్ద తెర మొత్తం నీలంగా మారిపోయింది, అంటే విండోస్ క్రాష్ అయింది. అందుకేనేమో దీన్ని ఇంకా అమ్మకానికి పెట్టలేదు అని వేదిక మీదున్న బిల్ గేట్స్ అనేసరికి హాలంతా నవ్వింది. జూన్ 25న అమ్మకానికి వచ్చేసింది. మధ్యలో ఉన్నది రెండు నెలలు, ఆ రెండు నెలలూ అక్కడి టెస్టర్లకు ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఆ పని చేసినవాళ్లకు తెలుస్తుంది.

విండోస్ 95, 98లలో ఇంకో బగ్గు ఉండేది. కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను 32 బిట్ల అంకెలో లెక్కపెట్టేవారు, ఆ అంకె 49.7 రోజులకు నిండిపోతుంది, అప్పుడు సిస్టమ్ హ్యాంగ్ అయ్యేది. ఇది 1999లో గానీ బయటపడలేదు. అన్ని రోజులు క్రాష్ కాకుండా నడిస్తే కదా తెలిసేది అని జనం నవ్వుకున్నారు. ఆ జోకులో నాకు అతిశయోక్తి ఏమీ కనిపించదు, వాడినవాళ్లు తమ అనుభవమే చెప్పారు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మాత్రం విండోస్‌లో తర్వాత వచ్చిన విస్టా సంగతి. విస్టా రావడానికి ముందే, 2006లోనే, కొత్త కంప్యూటర్ల మీద 'విస్టా కేపబుల్' అని స్టిక్కర్లు అంటించి అమ్మారు. వాటిలో చాలా వాటిలో బేసిక్ రకం మాత్రమే నడిచేది, ప్రకటనల్లో మెరిసిపోతూ కనిపించిన గాజు అద్దాల్లాంటి విండోలు వచ్చేవి కావు. కొన్నవాళ్లు కోర్టుకెళ్లారు, దాంతో కంపెనీ లోపలి ఈమెయిళ్లు 2008లో బయటికొచ్చాయి. మైక్ నాష్ అనే వైస్ ప్రెసిడెంట్ ఆ స్టిక్కర్ చూసే ల్యాప్‌టాప్ కొని, ఇప్పుడు నా దగ్గర 2,100 డాలర్ల ఈమెయిల్ మిషన్ ఉంది అని లోపలివాళ్లకు రాశాడు, అంటే అది ఈమెయిల్ చూసుకోవడానికే పనికొస్తుందని. బయట జనం వేసిన జోకు, లోపల పెద్ద ఉద్యోగి పెట్టుకున్న ఫిర్యాదు ఒకటే అయినప్పుడు దాన్ని అసూయ అని ఎలా అంటాం? కంపెనీలో కొందరికి ముందే తెలుసు, అయినా స్టిక్కర్ ఆగలేదు.

2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసింది, పంపిణీ ఆపాల్సి వచ్చింది. విడుదలకు ముందే ప్రయోగాత్మకంగా వాడినవాళ్లలో కొందరు ఈ సమస్యను రాసి పంపారు, అది మిగతా వేల ఫిర్యాదుల్లో కలిసిపోయింది. సమస్య ఎంత తీవ్రమో చెప్పే వీలును ఆ తర్వాతే, విండోస్ వాడేవాళ్లు ఫిర్యాదులు పంపే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో పెట్టారు.

ఇది చదివినప్పుడు నాకు మా ఆఫీసే గుర్తొచ్చింది. మేం చేసిన ప్రోడక్ట్‌లో బ్యాకప్ ఉండేది, 'ఒక్క క్లిక్, ఇక నిశ్చింత' అని మార్కెటింగ్ వాళ్లు రిలీజ్ డేట్‌తో సహా ముందే ప్రకటించేశారు. డిస్క్ మధ్యలో నిండిపోతే కాపీ ఆగిపోయేది కానీ తెర మీద మాత్రం పచ్చ టిక్కు మార్కు వచ్చేది. రిలీజ్‌కి రెండు వారాల ముందు నేను దాన్ని పట్టుకుని అన్నిటికన్నా పై తీవ్రతతో బగ్గు రాశాను. డేట్ మారదు, తర్వాతి రిలీజ్‌లో చూద్దాం అన్నారు. మీటింగ్‌లో రెండుసార్లు వాదించాను, చివరికి 'తెలిసిన సమస్యలు' జాబితాలో పదిహేడో లైనుగా వేశారు, ఆ జాబితా కొనేవాళ్లు ఎవరు చదువుతారు?

నెల తర్వాత ఒక కస్టమర్ నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. పచ్చ టిక్కు చుట్టూ గీత గీసి, కింద ఒకే లైను రాశాడు: 'మీ టిక్కు భద్రంగా ఉంది, నా ఫైళ్లే లేవు.' టీమ్‌లో అందరూ నవ్వారు, నావల్ల కాలేదు. ఆయన పోగొట్టుకున్నది మూడేళ్ల పరిశోధన డేటా. ఆ వారమే బగ్గు సరిచేశారు, దానికి పట్టింది ఒకటిన్నర రోజు.