ఇ-పోర్ట్‌ఫోలియో మొదలుపెట్టబోతున్న ఒక యువ అధ్యాపకురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

మొదటి సంవత్సరం విద్యార్థులచేత ఇ-పోర్ట్‌ఫోలియో (తమ పనినీ, దానిమీద తమ ఆలోచనలనూ ఆన్‌లైన్‌లో దాచుకునే సంకలనం) పెట్టించే బాధ్యతను మీ విభాగం నీకు అప్పగించిందనీ, ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలో, ఎన్ని మార్కులు కేటాయించాలో తేల్చుకోలేకపోతున్నావనీ రాశావు. ఆ రెండింటికీ జవాబు చెబుతాను గాని, వాటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. విద్యార్థి రాసినదాన్ని ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు, చదివి ఏమంటారు? నేను చూసినంతవరకు పోర్ట్‌ఫోలియో నిలబడినా, నీరుగారిపోయినా ఈ ఒక్క విషయం దగ్గరే. సెమిస్టర్ చివర ఒకేసారి సమర్పించి ఒకేసారి మార్కులు వేయించుకునే పోర్ట్‌ఫోలియో, ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, ఆఖరి వారంలో హడావిడిగా పోగుచేసిన ఫైళ్ల మూటగానే ఉంటుంది. నడుమ నడుమ ఎవరో చదివి రెండు మాటలు రాస్తున్నారని తెలిసిన విద్యార్థి మాత్రం వేరే విధంగా రాస్తాడు.

ముందుగా మీ విభాగంలోనే ఒక గందరగోళం తీరాలి. పోర్ట్‌ఫోలియో అనగానే కొందరికి ఉద్యోగానికి చూపించుకునే అందమైన వెబ్ పేజీ గుర్తుకు వస్తుంది, మరికొందరికి చదువు సాగుతున్నప్పుడు చిత్తుప్రతులు, తప్పులు, సందేహాలు రాసుకునే పుస్తకం గుర్తుకు వస్తుంది. ఇ-పోర్ట్‌ఫోలియోలకు ఈ రెండు ముఖాలూ ఉన్నాయని వీటిమీద పరిశోధించిన హెలెన్ బారెట్ వంటివారు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. రెండూ అవసరమే, కాని రెండింటినీ ఒకే పేజీలో ఇరికిస్తే మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. రేపు ఇంటర్వ్యూ చేసే వ్యక్తి చూస్తాడేమో అన్న అనుమానం ఉన్నచోట ఏ విద్యార్థీ తనకు అర్థంకాని సంగతి రాయడు. కనుక మొదటి తరగతిలోనే పని చేసుకునే పేజీలు వేరు, పదిమందికీ చూపించే పేజీలు వేరు అని స్పష్టంగా చెప్పు. మొదటి సంవత్సరంలో ఆ చూపించే పేజీల ఊసే ఎత్తకపోయినా నష్టం లేదు.

మీ విభాగాధిపతిని ఒప్పించడానికి ఆధారాలు అడిగావు. అమెరికాలో ఉన్నత విద్యపై పరిశోధించిన జార్జ్ కూ 2008లో విద్యార్థుల చదువుపై గట్టి ప్రభావం చూపే పది బోధనా పద్ధతులను ఒక జాబితాగా ఇచ్చారు. 2016లో ఇ-పోర్ట్‌ఫోలియో అందులో పదకొండోదిగా చేరింది. ఈ మాట సమావేశంలో పనికివస్తుంది. అయితే జాబితాలో చేరినంత మాత్రాన ఏ పద్ధతీ దానంతట అది ఫలితమివ్వదు. నీకు లోలోపల ఉపయోగపడేది అంతకంటే చాలా పాత ఆలోచన. సందేహమో, ఇబ్బందో ఎదురైనప్పుడే నిజమైన ఆలోచన మొదలవుతుందని అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లోనే వివరించారు. పని చేస్తూండగా ఆలోచించడం వేరు, పని ముగిశాక దానిగురించి ఆలోచించడం వేరు అని 1983లో డొనాల్డ్ షాన్ విడదీసి చూపారు. ఈ రెండు మాటలనూ కలిపి చూస్తే నీ పని ఏమిటో తెలుస్తుంది. విద్యార్థికి ఇబ్బంది ఎదురైన క్షణం చల్లారిపోకముందే రెండు వాక్యాలు రాసుకునే వీలు కల్పించాలి, కొన్నాళ్ల తరువాత ఆ వాక్యాల దగ్గరికి అతన్ని తిరిగి తీసుకురావాలి.

ఇక నువ్వు ఇచ్చే ప్రశ్నల సంగతి. ఈ లేఖలో దీనిగురించే ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది అధ్యాపకులు సాఫ్ట్‌వేర్ శిక్షణకు రెండు రోజులు వెచ్చించి, ప్రశ్నను మాత్రం రెండు నిమిషాల్లో రాసేస్తారు. ‘ఈ ప్రాజెక్టు ద్వారా మీరేం నేర్చుకున్నారు?’ అని అడిగితే, ‘జట్టుగా పనిచేయడం, సమయపాలన నేర్చుకున్నాను’ అన్న జవాబే వస్తుంది. అది అబద్ధం కాకపోవచ్చు, కాని ఆ వాక్యం ఏ విద్యార్థి ఏ ప్రాజెక్టు గురించైనా రాయగలిగిన వాక్యం. ప్రశ్న విద్యార్థిని తన పనిలోని ఒక నిర్దిష్టమైన చోటికి తీసుకువెళ్లాలి. ‘ఈ రెండు వారాల్లో మీ అభిప్రాయం మారిన ఒక చోటును చూపించండి, మారకముందు మీరు రాసిన వాక్యాన్నో, వేసిన లెక్కనో, గీసిన పటాన్నో ఇక్కడ జతచేయండి, మార్పుకు కారణమైనది పాఠమా, పుస్తకమా, స్నేహితుడి మాటా, ప్రయోగమా రాయండి’ అని అడిగి చూడు. సాక్ష్యం జతచేయమన్న షరతు వల్లనే సగం డొల్ల వాక్యాలు రాలిపోతాయి.

ఒక ఉదాహరణ ఇస్తాను. రసాయనశాస్త్రం ల్యాబులో టైట్రేషన్ (బ్యూరెట్ అనే కొలతల గొట్టం నుంచి ఒక ద్రావణాన్ని మరొకదానిలో రంగు మారేదాకా చుక్కచుక్కగా వదిలి, ఎంత పట్టిందో కొలవడం) చేసిన విద్యార్థికి 24.6, 24.5, 25.3 మిల్లీలీటర్లుగా మూడు రీడింగులు వచ్చాయనుకుందాం. మొదటి రెండింటి సగటు తీసుకుని, మూడోదాన్ని కొట్టేసి, రికార్డులో సరైన జవాబు రాశాడు. ల్యాబ్ రికార్డుకు సంబంధించినంతవరకు కథ అక్కడితో ముగిసింది. పోర్ట్‌ఫోలియోలో అతను ఇలా రాయవచ్చు: ‘మూడో రీడింగును వదిలేశాను. మిగిలిన రెండూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి అది తప్పని అనుకున్నాను. కాని ఎందుకు తప్పిందో వెతకలేదు. రంగు మారడం గమనించేలోపు బ్యూరెట్ నుంచి మరికొంత ద్రావణం పడిపోయిందని ఇప్పుడు అనిపిస్తోంది. నాలుగోసారి చేసి ఉంటే తెలిసేది. వచ్చే వారం రీడింగును వదిలేసే ముందు కారణం రాస్తాను.’ ఇందులో గొప్ప భాష లేదు, భావావేశం లేదు. అయినా ఒక నిర్ణయం, దాని వెనుక ఉన్న ఊహ, ఆ ఊహపై అనుమానం, తరువాత చేయబోయే పని, అన్నీ ఉన్నాయి. ఇలాంటి నమూనాలు ఒకటి రెండు మొదట్లోనే విద్యార్థులకు చూపించు. పక్కనే డొల్లగా ఉన్న నమూనా కూడా పెట్టి, తేడా ఎక్కడుందో వాళ్లచేతనే చెప్పించు.

గ్రాహం గిబ్స్ 1988లో ప్రతిపాదించిన ఆరు మెట్ల చక్రాన్ని వాడమని నీకు ఎవరైనా సలహా ఇస్తారు. వర్ణన, అనుభూతులు, మూల్యాంకనం, విశ్లేషణ, ముగింపు, కార్యాచరణ ప్రణాళిక అనే ఆ వరుస మంచిదే. నర్సింగ్, వైద్యం, ఉపాధ్యాయ శిక్షణ వంటి చోట్ల బాగా ప్రచారంలో ఉంది. కాని మొదటి సంవత్సరం పిల్లలకు ఆరు శీర్షికలు ఇస్తే వాటిని దరఖాస్తు ఫారంలాగా నింపేస్తారు, వర్ణన దగ్గర ఒక పేజీ రాసి విశ్లేషణ దగ్గర ఒక వాక్యంతో సరిపెడతారు. టెర్రీ బోర్టన్ 1970లో వాడిన మూడు ప్రశ్నలు వాళ్లకు చాలు: ఏం జరిగింది, అయితే ఏమిటి, ఇప్పుడేం చేయాలి. అందులోనూ మొదటిదానికి నాలుగు వాక్యాలకు మించవద్దని చెప్పు.

ఇప్పుడు చదవడం సంగతి. నీ తరగతిలో 60 మంది ఉన్నారని రాశావు. ఒక్కొక్కరికి 5 నిమిషాలు కేటాయించినా మొత్తం చదవడానికి 5 గంటలు పడుతుంది. ప్రతి వారం అది నీవల్ల కాదు, అవుతుందని ఎవరికీ మాట ఇవ్వకు. విద్యార్థులు రెండు వారాలకొకసారి రాయాలి, నువ్వు వారానికి సగం మందివి చదవాలి. అలా చేస్తే వారానికి రెండున్నర గంటలు సరిపోతాయి. రాసిన వారం రోజుల్లోపు జవాబు అందాలి, నెల తరువాత వచ్చే జవాబుకు విద్యార్థి దృష్టిలో విలువ ఉండదు. జవాబు పొడవుగా ఉండనక్కరలేదు, ‘బాగుంది’ అని మాత్రం ఉండకూడదు. విద్యార్థి రాసిన ఒక వాక్యాన్ని పట్టుకుని దానిమీద ఒక ప్రశ్న వేయి. పైన చెప్పిన ల్యాబు విద్యార్థికైతే, ‘మొదటి రెండు రీడింగులూ ఒకే రకంగా తప్పి ఉండవచ్చా?’ అని అడిగితే చాలు. తరువాతి ఎంట్రీలో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పి మొదలుపెట్టడం నియమంగా పెట్టు. అప్పుడే అది సంభాషణ అవుతుంది. తోటి విద్యార్థులు ఒకరిది ఒకరు చదివే ఏర్పాటు కూడా మంచిదే కాని, అది నువ్వు చదవడానికి బదులు కాకూడదు. అధ్యాపకులు చదవడం లేదని తెలిసిన మరుక్షణం తరగతి మొత్తం రాతలు పలచబడిపోతాయి.

మార్కుల విషయంలో నా అభిప్రాయం కొంత కఠినమైనది. ఆత్మపరిశీలన ఎంత లోతుగా ఉందో కొలిచి పదికి ఏడు, పదికి ఎనిమిది అని వేయడం నాకు సమ్మతం కాదు. అలా వేస్తే మార్కులు తెచ్చే పశ్చాత్తాపం ఎలా ఉంటుందో పిల్లలు త్వరగానే కనిపెడతారు. ‘మొదట నేను విఫలమయ్యాను, ఆపై గొప్ప పాఠం నేర్చుకున్నాను’ అనే కథలు వరుసగా వచ్చిపడతాయి. సమయానికి రాశాడా, సాక్ష్యం జతచేశాడా, గతసారి వేసిన ప్రశ్నకు జవాబు చెప్పాడా అన్న మూడింటికే మార్కులు ఇవ్వు. మూడూ ఉన్నవారికి పూర్తి మార్కులు రావాలి. మొత్తం కోర్సులో దీని వాటా మరీ తక్కువైతే ఎవరూ పట్టించుకోరు, మరీ ఎక్కువైతే నటన మొదలవుతుంది. పదిశాతం అటూఇటూగా ఉంటే చాలని నా ఉద్దేశం. అందరికీ పూర్తి మార్కులు వచ్చేస్తున్నాయని విభాగంలో ఎవరైనా ఆక్షేపిస్తే, ఆ మార్కులు అలవాటుకు ఇస్తున్నవని చెప్పు. జ్ఞానాన్ని కొలిచే పని పరీక్షలు చేస్తూనే ఉన్నాయి కదా.

చాట్‌జీపీటీ వంటివాటితో రాయించుకుని వస్తారేమోనన్న నీ భయం సహేతుకమే. 2022 నవంబరులో అది అందుబాటులోకి వచ్చినప్పటి నుంచి ఎక్కడైనా అతికే వాక్యాలు రాయించుకోవడం మరీ సులువైంది. దాన్ని పసిగడతామనే సాఫ్ట్‌వేర్లను నమ్ముకోవద్దు, నిజాయితీగా రాసినవారినీ అవి దొంగలుగా చూపగలవు. ప్రశ్న నిర్దిష్టంగా ఉండి, చిత్తుప్రతి ఫోటోనో, పాత లెక్కనో జతచేయవలసి ఉండి, తరువాతి వారం దానిగురించి ఒక నిమిషం మాట్లాడవలసి వస్తే, యంత్రంచేత రాయించుకోవడం కంటే సొంతంగా రాసుకోవడమే తేలికవుతుంది.

గోప్యత విషయంలో ఏమాత్రం అలసత్వం పనికిరాదు. పేజీలన్నీ మొదట విద్యార్థికి మాత్రమే కనిపించాలి, ఎవరికి చూపించాలో అతనే నిర్ణయించుకోవాలి. బడుల్లో, ఆసుపత్రుల్లో శిక్షణ పొందే విద్యార్థులు ఉంటే, రోగుల వివరాలు, పిల్లల ఫోటోలు ఏ రూపంలోనూ పోర్ట్‌ఫోలియోలోకి రాకూడదని రాతపూర్వకంగా ఇవ్వు. పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు, అరుదైన జబ్బు, తేదీ, వార్డు కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. బృంద ప్రాజెక్టుల్లో తోటివారిమీద కోపం కక్కడం కూడా జరుగుతుంది. ‘వాళ్లు ఏం చేయలేదు’ అన్నదాన్ని ‘నేను ఏం అడగలేదు’ అన్నవైపు మళ్లించే ప్రశ్న నీ దగ్గర సిద్ధంగా ఉండాలి. ఎవరైనా తీవ్రమైన మనోవేదన రాస్తే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో సెమిస్టర్ మొదలుకాకముందే మీ కౌన్సెలర్‌తో మాట్లాడి పెట్టుకో. ఆ సందర్భంలో నువ్వు మౌనంగా ఉండలేవన్న సంగతి విద్యార్థులకూ ముందే తెలియాలి.

సాఫ్ట్‌వేర్ గురించి క్లుప్తంగానే చెబుతాను. విశ్వవిద్యాలయానికి సర్వర్ నడిపే సిబ్బంది ఉంటే, 2006లో న్యూజిలాండ్‌లో మొదలైన మహారా అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థ బాగుంటుంది. అందులో పేజీని ఎవరితో పంచుకోవాలో యజమానే తేల్చుకుంటాడు, మొత్తం పోర్ట్‌ఫోలియోను హెచ్‌టీఎమ్‌ఎల్ రూపంలో, అంటే ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకునే వెబ్ పేజీలుగా, బయటికి తీసుకోవచ్చు. సిబ్బంది లేకపోతే, ఇప్పటికే వాడుతున్న తరగతి వ్యవస్థలో దొరికేదానితో సర్దుకో. ఏది ఎంచుకున్నా ఒక్క పరీక్ష పెట్టు: చదువు ముగిసి ఖాతా మూతపడ్డాక విద్యార్థి తన రాతలను వెంట తీసుకువెళ్లగలడా? ఎన్నో తరగతులు కలిసి రాసుకోవడానికి వాడిన వికీస్పేసెస్ అనే వెబ్‌సైట్ 2018లో మూతపడింది. ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2020 చివర మద్దతు ఆగిపోవడంతో, దానితో చేసిన యానిమేషన్లు బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. అందుకని ప్రతి సెమిస్టర్ చివరా పీడీఎఫ్ కాపీ ఒకటి సొంత కంప్యూటర్లో దాచుకోవడం నేర్పు. చిత్రాలకు పక్కన చిన్న వివరణ రాయడం కూడా మొదటినుంచీ అలవాటు చేయి, చూపు లేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది దాన్నే.

సెమిస్టర్ చివరి రెండు వారాల్లో కొత్త ఎంట్రీలు అడగవద్దు. అప్పటిదాకా రాసినవన్నీ మళ్లీ చదివి, వాటిలోంచి మూడు మాత్రమే ఎంచుకుని, ఆ మూడూ ఎందుకో ఒక పేజీలో రాయమను. ఎంపిక చేయడంలోనే చాలామందికి తాము ఎక్కడ మారారో కనిపిస్తుంది. ‘ఇది నేనే రాశానా?’ అని ఆశ్చర్యపోయేవారూ ఉంటారు. పై చదువుల్లోనూ, వృత్తుల్లోనూ ఈ అలవాటు అడుగుతారు. బ్రిటన్‌లో నర్సులు తమ రిజిస్ట్రేషన్ నిలుపుకోవడానికి 2016 నుంచి ప్రతి మూడేళ్లకూ ఇలాంటి స్వీయ సమీక్షలు 5 రాసి, తమ రిజిస్టరులోనే ఉన్న మరొకరితో వాటిని చర్చించాలి. అక్కడ కూడా రాత ఒక్కటే చాలదని, దానిమీద మాట్లాడే మనిషి ఉండాలని పెట్టిన నియమాన్ని గమనించు.

మొదటి రెండు వారాలకు నువ్వు అనుకుంటున్న ప్రశ్నను రాసి పంపితే చూసి చెబుతాను. సాఫ్ట్‌వేర్ ఖరారయ్యేదాకా ఆగనక్కరలేదు.

ఆశీస్సులతో,
నీ గురువు