కృత్రిమమా, కృతకమా, నకిలీయా?

సందేహం: కావలిలో నాకు ఫొటో స్టూడియో ఉంది. ఏఐతో చేసిన బొమ్మలను ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు కింద ‘కృత్రిమ చిత్రం’ అని రాస్తున్నాను. అది ‘నకిలీ’ అన్నట్టుగా ఉందని కస్టమర్లు నొచ్చుకుంటున్నారు. ‘కృతక చిత్రం’ అనవచ్చునా? ‘కృత్రిమ మేధస్సు చేత సృష్టించబడిన చిత్రం’ అనడం మేలా?

సమాధానం: మీ కస్టమర్లు నొచ్చుకోవడానికి కారణం ఆ మాట కాదు, దానిని మనం వాడి వాడి అరగదీసిన తీరు. చేయడమనే అర్థంగల ‘డుకృఞ్’ ధాతువుపై క్త్రి ప్రత్యయం, దానిపై నిత్యంగా ‘మప్’ అనే మరొక ప్రత్యయం చేరి ‘కృత్రిమ’ శబ్దం ఏర్పడుతుందని పాణిని వ్యాకరణం. వండడం వల్ల ఏర్పడినది పక్త్రిమం, చేయడం వల్ల ఏర్పడినది కృత్రిమం. అంతకు మించి అందులో మోసపు వాసన లేదు. మనుస్మృతి పన్నెండు విధాల పుత్రులలో కృత్రిమపుత్రుడిని చేర్చి, దాయాదులైన, అంటే ఆస్తికి హక్కుగల, ఆరుగురిలో అతనికి చోటిచ్చింది. అంత దూరం పోనక్కరలేదు: ఒంగోలు జాతి ఆవుకు కృత్రిమ గర్భధారణ చేయించిన రైతు పుట్టిన దూడను నకిలీ దూడ అనడు. కృత్రిమ కొరత, కృత్రిమ నవ్వు అని పత్రికలవారు పదే పదే రాసి, నిర్దోషియైన మాటను దోషిని చేశారు.

అయితే వ్యుత్పత్తి ప్రకారం పోతే మీకు వేరొక చిక్కు వస్తుంది. చేసినదల్లా కృత్రిమమే అయినప్పుడు కుంచెతో వేసిన బొమ్మా కృత్రిమమే కనుక ‘కృత్రిమ చిత్రం’ అన్న ముద్ర చూసేవారికి ఏమీ చెప్పదు. ‘కృతకం’ కూడా ఆ ధాతువు బిడ్డే. ఉద్యానవనాలలోని కృతకాద్రి, అంటే మనిషి కట్టిన కొండ, కావ్యాలలో అందమైనదే, నేటి వాడుకలో మాత్రం కృతకమంటే కపటమే. ‘నకిలీ’ తాలూకాఫీసు ‘నకలు’కు తోబుట్టువే అయినా దాని పేరు ఎప్పుడో చెడింది. ఇలాంటి బొమ్మలకు ప్రభుత్వం వాడే ‘సింథటిక్’ మన వైపు చీరలకు అంటుకుపోయిన మాట. ఇక ‘మేధస్సు’ విడిగా నిలిచే మాట కాదు. సుమేధస్సు, దుర్మేధస్సు వంటి సమాసాల చివర వచ్చే రూపాన్ని ఊడబెరికి వాడుతున్నారు. విడిగా ‘మేధ’ చాలు. ‘సృష్టించబడిన’ అన్న ‘బడు’ ప్రయోగాన్ని ఎన్నిసార్లు ఖండించినా పోవడం లేదు.

ముద్ర వేసే పద్ధతి నేర్చుకోవాలంటే మన ప్రాంతపు మహాకవి ఎఱ్ఱన ఉన్నాడు. నన్నయ అరణ్యపర్వాన్ని నడుమ శరద్రాత్రుల వర్ణన దగ్గర వదిలాడు. నెల్లూరి తిక్కన దానిని ముట్టక విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. పదునాలుగవ శతాబ్దంలో, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవియైన ఎఱ్ఱన ఆ మిగిలిన భాగాన్ని నన్నయ రీతిలో పూరించి, నన్నయ పేరు మీదుగానే రాజరాజనరేంద్రుడికి అంకితం చేశాడు. నన్నయ వదిలిన రాత్రికి ఎఱ్ఱన ‘స్ఫురదరుణాంశురాగ’ అంటూ ఉదయాన్ని అతికించాడు. తెలియనివాడికి ఆ అతుకు దొరకదు. అయినా ఆయన మోసగాడు కాలేదు, ఎందుకంటే పర్వాంతంలో తన పేరు చెప్పుకొని, ‘తత్కవితారీతియుఁ గొంత దోఁపఁ దద్రచనయకా’ పూరించానన్నాడు. అది నన్నయ రచనే అన్నట్టుగా, ఆయన కవితారీతి కొంత తోచేటట్టుగా చేశానని దీని భావం. ఎవరి రీతి, ఎవరి చేయి, ఎంతమేరకు అన్న మూడూ ఆ మాటలలో తేలిపోయాయి. ఆ ‘కొంత’ అన్న మాటకు నేను ఇన్నేళ్లుగా నమస్కరిస్తున్నాను.

అయితే ఎఱ్ఱన ముద్ర పర్వాంతంలో ఉంది. నడుమ పద్యం ఒక్కటి విడిగా తిరిగితే ముద్ర వెనకే ఉండిపోతుంది. ఏఐ చేసినదని తెలిపేందుకు బొమ్మ ఫైలు లోపల దాచే సమాచారపు గతీ ఇదే. స్క్రీన్‌షాట్ తీస్తే అది వెంట రాదు. అందుకే శతకకర్తలు మకుటాన్ని పద్యంలోనే బిగించారు. 2025 అక్టోబరులో కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ ముసాయిదా నియమాలలో, ఏఐ చిత్రంలో కనీసం 10 శాతం చోటు ముద్రకే ఇవ్వాలనడం ఒక విధంగా మకుటం కోరడమే. 2026 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన నియమాలలో ఆ కొలత తీసివేసి, స్పష్టంగా కనబడితే చాలన్నారు. మకుటమూ పూర్తి భరోసా కాదు: ‘వినురవేమ’ తగిలించి ఎవరెవరో రాసిన పద్యాలు వేమన ఖాతాలో ఎన్ని పడలేదు?

మీ ప్రశ్నకు వస్తే, మన నేతగాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. చేనేత, మరనేత అనేవి పనిముట్టును చెప్పే మాటలే గాని తిట్లు కావు. ఆ దారిలో ‘మరచిత్రం’ అనాలని నాకు ఆశ. జనం నోట నిలుస్తుందో లేదో చెప్పలేను గనుక శాసించను. ప్రస్తుతానికి ‘ఏఐతో చేసిన చిత్రం’ అని బొమ్మ మీదనే రాయండి. పెండ్లికూతురు ఫొటో మీరు తీసి, వెనుక గోపురాన్ని ఏఐతో పెట్టించి ఉంటే, ఆ మాట కూడా అబద్ధమే అవుతుంది. అప్పుడు ‘ఫొటో మాది, వెనుక గోపురం ఏఐతో చేసినది’ అనండి. ఎఱ్ఱన ‘కొంత’ అన్నది అలాంటి చోటే.