భీమిలి కొట్టు ఉంచాలా, మూయాలా?

ప్రశ్న: విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర మాకు వలలు, తాళ్లు అమ్మే కొట్టు ఉంది. నిరుడు ఆగస్టులో భీమిలిలో రెండో కొట్టు తెరిచాను. అడ్వాన్సు రూ.1.5 లక్షలు, అరలకూ రంగులకూ బోర్డుకూ రూ.4 లక్షలు అయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో అద్దె డబ్బులు కూడా రాలేదు. మూసేయమని తమ్ముడు అంటున్నాడు. ఇంత సొమ్ము పెట్టాక ఎలా మూయను?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అరలకూ రంగులకూ పెట్టిన రూ.4 లక్షలు కొట్టు ఉంచినా రావు, మూసినా రావు. కనుక ఆ మొత్తాన్ని ఈ లెక్కలోకి తీసుకోకండి. అడ్వాన్సు అలాంటిది కాదు, ఒప్పందం ప్రకారం ఖాళీ చేసినప్పుడు తిరిగి రావాలి. మిగిలిన సరుకును హార్బరు కొట్టులో అమ్ముకోవచ్చు. ఈ మూడింటినీ కలిపి ‘పెట్టుబడి’ అనుకోవడం వల్లనే మీకు మూయడం అంత కష్టంగా తోస్తోంది. ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. అమెరికాలో ఆర్క్స్, బ్లూమర్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో, నాటకాల సీజను టికెట్లను పూర్తి ధరకు కొన్నవారు, తగ్గింపు ధరకు కొన్నవారికంటే సీజను మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. అంటే, ఎక్కువ సొమ్ము పెట్టినవారికి దాన్ని వదులుకోవడం ఎక్కువ కష్టమైంది.

అయితే మీ తమ్ముడి మాట కూడా తొందరపాటే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకూ ఇంజను పడవలకూ సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటారు, కానీ చేతిలో డబ్బు ఆడదు. గల్లాలో డబ్బు పడకపోవడం వేరు, సరుకు కదలకపోవడం వేరు. కాబట్టి ముందు అరువు పుస్తకం తెరిచి, ఆ రెండు నెలల్లో ఎంత సరుకు వెళ్లిందో, వేట మొదలయ్యాక ఎంత వసూలైందో చూడండి.

ఆ తర్వాత ఆగస్టు నుంచి జూలై వరకు పూర్తి ఏడాది లాభం (అమ్మకం కాదు, సరుకు ఖరీదు పోను మిగిలింది) కట్టి, అందులోంచి అద్దె, జీతం, కరెంటుతోపాటు మీరు భీమిలిలో ఉన్న రోజుల్లో హార్బరు కొట్టుకు తగ్గిన బేరం కూడా తీసేయండి. చాలామంది మరచిపోయేది ఈ చివరి అంకెనే. మిగులు ఉంటే నడపండి. లేకపోతే, సెప్టెంబరు నెలాఖరుకు నెలకు ఎంత మిగలాలో ఇప్పుడే ఖాతా పుస్తకంలో రాసి, తమ్ముడి చేత కూడా సంతకం చేయించండి; అంత మిగలకపోతే మూసేయండి. అంతకంటే ముందు అద్దె ఒప్పందంలో నోటీసు గడువు చూడండి: అది రెండు నెలలైతే, సెప్టెంబరులో తీసుకున్న నిర్ణయానికి నవంబరు అద్దె కూడా కట్టవలసి వస్తుంది.