అడవి దాటాక వేడినీళ్లు, ఆ పక్కనే సముద్రం

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలోని వాంకూవర్‌లో ఉంటాడు. ఆగస్టులో మేం వెళ్తే టోఫినో అనే ఊరికి, అక్కణ్నుంచి పడవలో హాట్ స్ప్రింగ్స్ కోవ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. సముద్రం ఒడ్డున బండల మధ్య వేడినీళ్లు వస్తాయట. నాకు 58, మా ఆయనకు 64. ఆయనకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. నేనేమో కొండకి బస్సులో వెళ్లాలన్నా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునే మనిషిని. వెళ్లొచ్చా, వద్దని చెప్పెయ్యాలా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వెళ్లండమ్మా, వద్దనకండి. రెండేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ వెళ్లొచ్చాను, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. కాకపోతే మీవాడు దీన్ని ఒక్కరోజు పిక్నిక్‌లా అనుకుంటుంటే మాత్రం ముందే ఆపండి. వాంకూవర్ నుంచి నానైమోకి ఫెర్రీలో గంటా నలభై నిమిషాలు, దిగాక టోఫినోకి మూడు గంటలకు పైగా కారు, అదీ మలుపుల రోడ్డు. మర్నాడు పడవలో పోను గంటన్నర, రాను గంటన్నర. టోఫినోలో కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి.

పడవ సంగతి మీకు ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దారి చాలావరకు దీవుల చాటునే ఉంటుంది గానీ, కొంత దూరం పసిఫిక్ మహాసముద్రం నేరుగా తగులుతుంది, అక్కడ పడవ లేచి పడుతుంది. గాలి నింపిన చిన్న పడవలూ ఉంటాయి, పైకప్పు ఉన్న పెద్దవీ ఉంటాయి. మీరు పెద్దదే అడగండి, చిన్నదాంట్లో నడుము విరిగిపోతుంది. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర పడవ ఎక్కేముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. అదెంత ముందు వేసుకోవాలో, మీకు పడుతుందో లేదో ఇక్కడి డాక్టర్నే అడిగి తీసుకెళ్లండి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, రెండు ఇడ్లీలంత టిఫిన్ చాలు. ఫోన్ చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత మీదే చూపు పెట్టండి. మీ అదృష్టం బాగుంటే ఆ చూపుకే తిమింగలం కనపడొచ్చు! నీళ్ల మీద దిగే చిన్న విమానాలు కూడా ఉన్నాయి, ఇరవై నిమిషాల్లో తీసుకెళ్తాయి, కానీ ఖర్చెక్కువ.

దిగాక రెండు కిలోమీటర్లు అడవిలో చెక్క బాట. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకి ఆ దూరం ఒక లెక్క కాదు. తడి చెక్కలే ఇబ్బంది. అక్కడ ఏడాదికి 3000 మిల్లీమీటర్లకు పైగా వాన, మనకు పడేదానికి దాదాపు మూడింతలు. అందుకని చెట్ల మానులకే కాదు, బాట మెట్లకు కూడా నాచు పడుతుంది. పట్టున్న బూట్లు తప్పనిసరి. ఆ చెక్కల మీద, వచ్చినవాళ్లు తమ పడవల పేర్లు చెక్కి వెళ్లారు. నేను ఒకచోట కూర్చుని వేలితో తడిమి చదివాను, అక్షరాల గాడిలో సన్నని నాచు మొలిచి పేరు పచ్చగా కనిపిస్తోంది. ఆ చుట్టుపక్కల క్లేయోక్వాట్ అడవుల్ని నరకొద్దని 1993లో జనం రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు, 800 మందికి పైగా అరెస్టయ్యారు. ఆ దేవదారులను తలెత్తి చూసినప్పుడు వాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇక నీళ్లు. బండ పగుల్లోంచి సుమారు 50 డిగ్రీల వేడితో పొగలు కక్కుతూ వచ్చి, చిన్న జలపాతంలా దూకి, ఇరుకు సందులో ఒకదాని కింద ఒకటిగా ఉన్న గుంటల్లోకి జారతాయి. పైగుంట బాగా వేడి, కిందికి వచ్చేకొద్దీ గోరువెచ్చన, ఆఖరి గుంట అంచు సముద్రమే. పోటు సమయంలో అలొకటి లోపలికొచ్చి ఒళ్లంతా జిల్లుమనిపించి పోతుంది, వెంటనే వెనక నుంచి వేడినీళ్లు మళ్లీ కమ్ముకుంటాయి. ఆ ఒక్క నిమిషం కోసం అంత దూరం వెళ్లొచ్చు. అయితే ఆటుపోట్ల వేళలు పడవవాళ్లను ముందే అడిగి తెలుసుకోండి, అల బలంగా ఉన్నప్పుడు ఆ గుంటలో కూర్చోకూడదు.

మీ ఆయన విషయంలో మాత్రం గట్టిగానే చెబుతున్నాను. వేడినీళ్లలో రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది, మాత్రలు వాడేవాళ్లు గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, పడితే కింద ఉన్నవి బండలు. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే వేడి తెలీదు, సముద్రపు రాళ్లకు అంటుకున్న గవ్వలు కోసినా తెలీదు. కాబట్టి పాదం పెట్టి కాదు, మోచేత్తో చూసి దిగాలి. నీటి చెప్పులు విప్పొద్దు. కింది గుంటలోనే, పది నిమిషాలకు మించకుండా, మీరు పక్కనుండగా దిగమనండి. బయటికొచ్చాక పాదాలు తుడిచి మీరే ఒకసారి చూడండి. బయల్దేరేముందు ఆయన డాక్టరుతో కూడా మాట్లాడాలి. అక్కడ ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఏదన్నా అయితే సాయం కూడా నీటి మీదనో గాలిలోనో రావలసిందే. మందులు, గ్లూకోజ్ బిళ్లలు చేతి సంచిలోనే ఉండాలి.

ప్రశ్న: హాట్ స్ప్రింగ్స్ కోవ్ దగ్గర అగ్నిపర్వతం లేదంటారు, మరి నీళ్లెలా కాగుతాయి? మన ఏడుకొండల్లో ఇన్ని తీర్థాలుండగా ఒక్కటీ వేడిది కాదెందుకు?
- డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: మంచి ప్రశ్న. నిప్పు అక్కర్లేదు బాబూ, లోతు చాలు. భూమిలోకి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. వాననీరు పెద్ద పగులు వెంట కిలోమీటర్ల లోతుకు దిగి, కాగి, అదే పగులు పట్టుకుని చల్లారేలోపే పైకి రాగలిగితే వేడినీటి ఊట. ఆ తీరంలో భూఫలకాలు, అంటే భూమి పైపెంకులోని పెద్ద పెద్ద ముక్కలు, ఒరుసుకుంటూ ఉంటాయి కనుక అలాంటి పగుళ్లకు కొదవ లేదు. అదే పగులు కదిలితే నీళ్లు ఆగిపోనూవచ్చు. ఆ తీరంలోనే ఉత్తరాన హైదా గ్వాయీ దీవుల్లో 2012 అక్టోబరులో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చాక హాట్‌స్ప్రింగ్ ఐలాండ్‌లోని ఊటలు ఎండిపోయాయి, మెల్లగా మళ్లీ ఊరడానికి ఏళ్లు పట్టింది.

మన శేషాచలం కథ వేరు. తిరుమల ఘాట్‌రోడ్డులో కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడ్డ రాయి) పొరలు కూర్చున్న చోటును భూగర్భ శాఖ జాతీయ స్మారకంగా గుర్తించింది, ఈసారి వెళ్తే చూడు. మన తీర్థాల్లో పడేది ఆ పైపొరల చీలికల్లో ఇంకిన వాననీరు. అది అంత లోతుకు పోదు, అందుకే చల్లగా వస్తుంది. తెలుగు నేల మీద వేడినీళ్లు చూడాలంటే గోదావరి వైపు వెళ్లు, మణుగూరు, భద్రాచలం ప్రాంతంలో ఉన్నాయి.

ప్రశ్న: ఆ గుండంలో స్నానం చేసి పసుపు, కుంకుమ వేయొచ్చా?
- ఒక గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: వద్దమ్మా. నీళ్లను చూడగానే దండం పెట్టే మనసు మనది, నాకూ చెయ్యి లేచింది. కానీ అది హెస్క్వియాట్ అనే ఆదివాసుల సొంత నేల. 1964లో అలాస్కా భూకంపం తర్వాత వచ్చిన సునామీ అక్కడి వాళ్ల ఊళ్లో ఇళ్లను కొట్టుకుపోయినా, వాళ్లు ఆ రేవును వదిలి పోలేదు. సబ్బు, షాంపూ, నూనె, పువ్వు, చిల్లర, ఏదీ నీళ్లలో పడకూడదు, అవి నేరుగా సముద్రంలోకే పోతాయి. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం వెళ్లినప్పుడు బండల మీద షాంపూ పొట్లాలు, విడిచిపోయిన తడి బట్టలు చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఆ కెనడా ఊట దగ్గర మాత్రం నాకు ఒక్క పొట్లం కూడా కనపడలేదు. దండం పెట్టుకోండి, చాలు. చీరతో మాత్రం దిగకండి, తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది, నూలు చుడీదార్ మేలు. మార్చుకోవడానికి పొడి జత, తడివి మూట కట్టుకోవడానికి ఒక కవరు తీసుకెళ్లండి.