స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నడుస్తాడంటున్నారు... పొలం అమ్మమంటారా?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. కల్లు గీసేవాడు. ఏడాదిన్నర క్రితం తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. వెన్నుకు ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. నడుము కింద స్పర్శ, కదలిక లేవు. రిపోర్టులో ‘టి10, కంప్లీట్’ అని రాశారు. మూడు విడతలు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నడుస్తాడని ఒక క్లినిక్‌లో చెప్పారు. తొమ్మిది లక్షలు అడుగుతున్నారు. అరెకరం అమ్మేద్దామా అని ఒకటే టెన్షన్. సలహా ఇవ్వండి.
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

సలహా: అమ్మా, పొలం అమ్మకండి. ఇంత పాత కంప్లీట్ గాయంలో, అంటే గాయం కింద స్పర్శ, కదలిక పూర్తిగా పోయినప్పుడు, స్టెమ్ సెల్స్‌తో (ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాలతో) మళ్లీ నడిపించవచ్చని ఇప్పటివరకు ఎక్కడా రుజువు కాలేదు.

వెన్నుపాములో తెగిన నరాల పోగులు వాటంతటవే పెరిగి అతుక్కోవు. కొన్నాళ్లకు అక్కడ మచ్చ కట్టేస్తుంది. ఇలాంటి క్లినిక్‌లలో సాధారణంగా తుంటి ఎముక మూలుగలోంచి కణాలు తీసి, నడుము దగ్గర సూదితో వెన్ను చుట్టూ ఉండే నీటిలోకి ఎక్కిస్తారు. అవి వెళ్లి కొత్త నరాలైపోవు. వాపు తగ్గించి, మిగిలిన నరాలను కాపాడే పదార్థాలు వదులుతాయని ఆశ. కాపాడే అవకాశం ఏదైనా ఉంటే తాజా గాయంలోనే ఎక్కువ.

జపాన్‌లో అనుమతిచ్చారని మీకు చెప్పే ఉంటారు. నిజమే. 2018 చివర్లో స్టెమిరాక్ అనే చికిత్సకు షరతులతో అనుమతి వచ్చింది. కానీ అది గాయమైన 31 రోజుల్లోపే మూలుగ తీయగలిగిన వాళ్లకు. ఆధారం 13 మందిపై చేసిన పరీక్ష. పోల్చి చూడటానికి ఆ చికిత్స తీసుకోని రోగులు అందులో లేరు. మొదటి నెలల్లో కొందరు ఆపరేషన్‌తో, ఫిజియోథెరపీతో కూడా కోలుకుంటారు కదా, మెరుగుదల దేనివల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది? అక్కడి కియో యూనివర్సిటీ 2025లో, స్టెమ్ సెల్స్‌తో తయారైన కణాలు పెట్టించుకున్న నలుగురి ఫలితాలు ప్రకటించింది. ఇద్దరికి మేలు కనిపించింది, ఒకరు నిలబడగలిగారు. వాళ్లకూ గాయమైన కొద్ది వారాల్లోనే కణాలు పెట్టారు. పరిశోధన మీద నాకు నమ్మకముంది. దాన్ని చూపించి ఇప్పుడే డబ్బు గుంజడం మాత్రం అన్యాయం.

మన దేశంలో వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్స్ వాడితే అది ట్రయల్ (పరిశోధన కోసం చేసే పరీక్ష) కిందే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌లో రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ట్రయల్స్‌ను నమోదు చేసే జాతీయ జాబితా సీటీఆర్ఐలో రిజిస్ట్రేషన్ నంబర్, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమని ఆ క్లినిక్‌ను అడగండి. ప్రమాదం లేదన్న మాట కూడా నమ్మవద్దు. పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొర కణాలు వెన్నులో పెట్టించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ పెరిగింది.

టి10, అంటే ఛాతీ వెనక వెన్నుపూసల్లో పదోదాని దగ్గర గాయమైతే చేతులు, ఛాతీ బలంగానే ఉంటాయి. మంచం మీంచి కుర్చీలోకి తనంతట తాను మారడం, మూడు చక్రాల బండి నడపడం, సంపాదించుకోవడం, ఇవన్నీ నేర్చుకోగలడు. వెల్లూరు సీఎంసీలోని పునరావాస విభాగంలో చూపించండి. ఆ విభాగాన్ని మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు.

వైకల్య ధ్రువపత్రం (ఇదివరకు సదరం సర్టిఫికెట్, ఇప్పుడు యూడీఐడీ కార్డు) లేకపోతే వెంటనే తీసుకోండి, పింఛనుకు అదే ఆధారం. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చండి. మూత్రానికి పైపు అలాగే ఉంచేశారా? నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తానే పైపు వేసుకుని తీసేసే పద్ధతి నేర్పమని యూరాలజిస్టును అడగండి. పిరుదుల మీద ఎర్రదనం కనిపించినా, చలిజ్వరం వచ్చినా, మూత్రం దుర్వాసన వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.